బెల్లు లేని కుర్చీ

లిఫ్టు మేస్త్రికి అబద్ధం ఆడటం రాదు. ఇదేదో ఆయన గొప్పతనమని చెప్పడం లేదు. కొందరికి ఈత రాదు, కొందరికి ఈల వెయ్యడం రాదు, ఈయనకు అబద్ధం రాదు, అంతే. అది నోటిదాకా వచ్చేసరికి చెవులు ఎర్రబడతాయి, చూపు నేల మీద పడుతుంది, ఎదుటివాళ్ళు అడక్కముందే గుమ్మడికాయ దొంగలా భుజాలు తడుముకుంటాడు. ఇన్నేళ్ళ కాపురంలో భార్యను ఒక్కసారి కూడా మోసం చెయ్యలేకపోయాడు. ప్రయత్నించలేదని కాదు.

అలాంటి మనిషి ఆ ఉదయం పళ్ళ డాక్టరు కుర్చీలో వెల్లకిలా పడుకొని, చెవులు ఎర్రబడకుండా రెండు అబద్ధాలు చెప్పాడు.

"బీపీ, షుగరు, గుండె జబ్బు లాంటివేమైనా ఉన్నాయా అండీ?" అని అడిగింది డాక్టరమ్మ, చేతులకు గ్లోవ్సు తొడుక్కుంటూ.

"ఏమీ లేవండి."

"రోజూ వేసుకునే మాత్రలు?"

"ఏమీ వేసుకోవట్లేదండి."

అంత నిబ్బరంగా ఎలా చెప్పగలిగాడంటే, ఆయన లెక్కలో అవి అబద్ధాలు కావు. పోయిన వేసవిలో ఓ ఎత్తయిన భవనం పైకప్పు మీద, లిఫ్టు మోటారు గదిలో పని చేస్తూండగా ఛాతీ పట్టేసింది. ఆసుపత్రిలో మూసుకుపోయిన రక్తనాళంలో స్టెంట్ వేసి పంపించారు. చెడిపోయిన లిఫ్టును బాగుచేశాక దాన్ని చెడిపోయిన లిఫ్టు అంటారా? అనరు. గుండెకూ అంతే. పెద్ద డాక్టరే స్వయంగా చేసిన రిపేరు. కాబట్టి గుండె జబ్బు ఉండేది, ఇప్పుడు లేదు. అలా మొదటి మాట నిజమైపోయింది.

రెండో మాటను నిజం చెయ్యడానికి మాత్రం కాస్త కష్టపడాల్సి వచ్చింది. వారం నుంచి మాత్రలు మింగడం మానేశాడు.

ఇదంతా కింది దవడ పన్ను తెచ్చిపెట్టిన చావు. మూడు నెలలుగా అది ఆయన్ని నిద్రపోనివ్వలేదు, నమలనివ్వలేదు, చల్లటి నీళ్ళు తాగనివ్వలేదు. మొదట వెళ్ళిన చోట స్టెంట్ సంగతి ఉన్నదున్నట్టు చెప్పాడు. అక్కడి డాక్టరు ఈయన మెడలో కట్టిన గుడ్డ వెంటనే విప్పేసి, "మీ గుండె డాక్టరు దగ్గర చీటీ తెచ్చుకోండి" అన్నాడు. గుండె డాక్టరు సెలవులో ఉన్నాడు. ఆయన కింద పనిచేసే కుర్ర డాక్టరేమో, "చీటీ ఎందుకండీ, ఆ పళ్ళాయన్నే మాకు ఫోన్ చెయ్యమనండి" అన్నాడు. పళ్ళాయన ఫోన్ చెయ్యలేదు. రెండో చోట రక్తం పలచబరిచే మాత్రలని వినగానే కౌంటరు దగ్గరి అమ్మాయి, "అలాంటి కేసులు ఇక్కడ తీసుకోరండి" అని తిప్పి పంపేసింది. పెద్దాసుపత్రిలో రెండు నెలల తర్వాత రమ్మన్నారు. నిజం చెప్పిన ప్రతిచోటా తలుపు మొహమ్మీదే మూసుకుంది. గుండెకూ పన్నుకూ మధ్య మేస్త్రి అడకత్తెరలో పోకచెక్కయిపోయాడు.

అప్పుడే ఆయనకు ఈ మహత్తరమైన ఆలోచన వచ్చింది. అబద్ధం చెప్పడం చేతకాదు సరే, చెప్పబోయేదాన్ని నిజం చేసేస్తే పోలా? రోజూ రాత్రి భోజనమయ్యాక భార్య మాత్రలన్నీ అరచేతిలో పోసి, నీళ్ళ గ్లాసుతో ఎదురుగా నిలబడుతుంది. ఆయన వాటిని బాగున్న వైపు బుగ్గలో దాచుకొని, నీళ్ళు గటగటా తాగి, గాలి కోసమన్నట్టు బాల్కనీలోకి వెళ్ళి పూలకుండీలో ఉమ్మేసేవాడు. నోరు తెరవక్కర్లేదు కాబట్టి ఈ మోసం ఆయనకు చేతనయింది.

ఇక భార్య సంగతి. ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు నుంచి ఆవిడ ఆయన పాలిట జైలరయింది. మెట్లెక్కకూడదు, బరువెత్తకూడదు, గట్టిగా నవ్వకూడదు. స్నానానికి వెళితే లోపల గడియ పెట్టుకోకూడదు. ఆయన దగ్గితే వంటింట్లో చప్పుడు ఆగిపోతుంది. ఇదంతా ప్రేమేనని ఆయనకు తెలుసు. కానీ ఊచలు బంగారానివయినంత మాత్రాన పంజరం వాకిలవుతుందా? ఆ ఉదయం కూడా గది గుమ్మం దాకా వచ్చి, "డాక్టరమ్మకు అన్నీ చెప్పండి, ఏదీ దాచకండి" అని మరీ మరీ చెప్పి, బయట బల్ల మీద కూర్చుంది. అద్దం తలుపు గరుకుది. అందులోంచి ఆవిడ చీర రంగు మసకగా కనిపిస్తోంది.

డాక్టరమ్మ చెయ్యి తేలికైనదే. సూది దించి, మందు నొక్కేముందు పిడిని కాస్త వెనక్కి లాగి చూసింది. సూది రక్తనాళంలోకి పోలేదు కదా అని చూస్తోందని మేస్త్రికి అర్థమైంది. పని తెలిసిన చేతిని పని తెలిసినవాడు గుర్తుపట్టగలడు. పాపం, ఇంత జాగ్రత్తగల మనిషికి నేను చెప్పిందేమిటి అని మనసు ఒక్కసారి చివుక్కుమంది.

"పన్ను కాస్త మొండిగా ఉంది. ఈ మత్తు చాలకపోతే ఇంకోటి ఇస్తాను. కదలకుండా పడుకోండి, ఇప్పుడే వస్తా" అని రెండో సిరంజిలో కూడా మందు నింపి ట్రేలో పెట్టి, ఆవిడ పక్కగదిలోకి వెళ్ళింది. అక్కడెవరో చిన్నపిల్ల ఇల్లు ఎగిరిపోయేలా ఏడుస్తోంది. సాయం చేసే నర్సమ్మ కూడా ఆ ఏడుపు వైపే పరిగెత్తింది.

మేస్త్రి ఒక్కడే మిగిలాడు. కింది పెదవి మెల్లగా బరువెక్కింది. నాలుకలో సగం తనది కాకుండా పోయింది. హమ్మయ్య, మూడు నెలల పోటు తగ్గుతోందనుకున్నాడు.

అప్పుడు మొదలైంది దడ.

మొదట గొంతు దగ్గర. తర్వాత చెవుల్లో. ఆ తర్వాత మెడకు కట్టిన గుడ్డ కూడా అదురుతున్నట్టు అనిపించింది. గుండెల్లో రైళ్ళు పరిగెత్తడమంటే ఏమిటో మేస్త్రికి పోయిన వేసవిలోనే తెలిసింది. అరచేతుల్లో చెమట పట్టింది. లేద్దామంటే కాళ్ళు ఎత్తులో, తల పల్లంలో ఉన్నాయి. పైన దీపం కళ్ళలోకి కొడుతోంది. నోట్లో దూది. కళ్ళు తిప్పితే కనిపిస్తున్నది ఒక్కటే, ట్రేలో రెండో సిరంజి.

వృత్తి అలవాటు ఎక్కడికి పోతుంది? ఆయన కళ్ళు కుర్చీ చుట్టూ బెల్లు కోసం వెతికాయి. ఉమ్మడానికి గిన్నె ఉంది, నీళ్ళ గొట్టం ఉంది, పుక్కిలించడానికి కప్పు ఉంది. లోపల చిక్కుకున్న మనిషి నొక్కడానికి బెల్లు మాత్రం లేదు. లిఫ్టులో పెడతారు. ఇంత ఖరీదైన కుర్చీలో పెట్టలేదు.

ఆయన పనిలో అన్నిటికంటే ఒళ్ళు మండించేది బెల్లు నొక్కనివాళ్ళే. ఓసారి ఓ పెద్దాయన, రిటైరైన పంతులుగారు, ఆగిపోయిన లిఫ్టులో మధ్యాహ్నమంతా చీకట్లో నిలబడిపోయాడు. బెల్లు ఆయన చెయ్యి పక్కనే ఉంది. మేస్త్రి తలుపు తీసి, "ఎందుకు నొక్కలేదు సార్?" అని అడిగితే, "నలుగురూ పరిగెత్తుకొస్తారు కదయ్యా, ఈ వయసులో ఏం బాగుంటుంది" అన్నాడు. ఆ రోజు మేస్త్రి పెద్దంతరం చిన్నంతరం లేకుండా గయ్యిమన్నాడు. "సిగ్గుకు ఊపిరాడకపోతే బెల్లేం చేస్తుంది సార్!" అన్నాడు.

ఇప్పుడు ఆ పంతులుగారు ఎక్కడున్నా సరే, వచ్చి నాలుగు తిట్టిపోతే బాగుండుననిపించింది.

ఎందుకంటే పిలవొచ్చు. చెయ్యెత్తి ట్రే మీద ఒక్కటి కొడితే చాలు, ఎవరో ఒకరు వస్తారు. వచ్చాక చెప్పాలి. చెబితే ఈ గుడ్డా విప్పేస్తారు. నాలుగో తలుపూ మూసుకుంటుంది. పెదవికి తిమ్మిరి వదలగానే పన్ను మళ్ళీ పట్టుకుంటుంది. ఇంకా ఘోరం, తలుపవతల చీర రంగు లేచి లోపలికి వస్తుంది, మాత్రల సంగతి అడుగుతుంది. చావుకు ఎక్కువ భయపడుతున్నాడా, భార్యకా అన్నది ఆయనకే తేలలేదు. కక్కలేడు, మింగలేడు. నోట్లో దూది ఉండటం వల్ల ఆ సామెత అక్షరాలా నిజమైంది.

నెమ్మదించు, నెమ్మదించు అని గుండెకు చెప్పుకున్నాడు. అది వినలేదు.

డాక్టరమ్మ తిరిగొచ్చింది. "ఆ పాప నా వేలు కొరికేసిందండీ. మీరే నయం, నోరు మెదపట్లేదు" అని నవ్వింది. చిన్న పనిముట్టుతో పన్ను చుట్టూ తట్టి చూసింది. ఒకచోట జివ్వుమని, ఆయన భుజం ఎగిరింది.

"ఇంకా పూర్తిగా మొద్దుబారలేదు. మరికాస్త ఇస్తే మీకసలేం తెలీదు. నోరు తెరవండి."

ఆవిడ రెండో సిరంజి తీసుకుంది. చెబితే నమ్మరుగానీ, మేస్త్రి నోరు తెరిచాడు. తెరవమంటే తెరవడం కూడా ఒక రోగమే. సూది కొస దీపం వెలుగులో దగ్గరికొచ్చింది. గుండె ఒకసారి కొట్టుకోవడం మరిచి, మళ్ళీ అందుకుంది. పోతాను, ఇక్కడే, ఈ కుర్చీలోనే, అంతా నిజమే చెప్పానన్న తృప్తితో పోతాను అనుకున్నాడు. ఆ ఆలోచనకే ఆయనకు ఏడుపొచ్చింది.

చెయ్యెత్తాడు.

సూది ఆగింది. "నొప్పా?"

తల అడ్డంగా ఊపాడు. ఆవిడ దూది తీసేసింది. సగం నాలుకతో, ముద్ద ముద్దగా, ఛాతీ మీద చెయ్యి పెట్టి చెప్పాడు. "గుండె... దడగా ఉందమ్మా. నాకు స్టెంట్ ఉంది. పోయిన వేసవిలో వేశారు. నేను... చెప్పలేదు."

డాక్టరమ్మ మొహంలో నవ్వు పోయింది. కోప్పడలేదు. సిరంజి ట్రేలో దూరంగా పెట్టేసి, కుర్చీ పైకి లేపి కూర్చోబెట్టి, మణికట్టు పట్టుకుంది. ఆవిడ పిలిస్తే నర్సమ్మ వచ్చి బీపీ పట్టీ చుట్టింది.

"ఛాతీలో నొప్పి ఉందా? చెయ్యి లాగుతోందా? ఊపిరి అందుతోందా?"

"నొప్పి లేదు. దడే."

బీపీ ఒకసారి చూసింది, కాసేపాగి మళ్ళీ చూసింది. రెండోసారికి ఆవిడ భుజాలు కాస్త కిందికి దిగాయి. "తగ్గుతోంది. భయపడకండి. ఆ మత్తుమందులో గుండెను కాస్త పరుగెత్తించే మందు రవ్వంత కలిసుంటుంది. మత్తు ఎక్కువసేపు నిలబడాలని, రక్తం తక్కువ కారాలని కలుపుతారు. కొంత ఆ మందు పని, మిగతాది మీ భయం పని."

"అంటే గుండె ఉన్నవాళ్ళకు ఈ సూది వెయ్యకూడదా?"

"గుండె అందరికీ ఉంటుందండీ" అంది ఆవిడ, అప్పుడు మాత్రం కాస్త కటువుగా. "జబ్బున్నవాళ్ళకూ వేస్తాం. కొలత తగ్గించి, నెమ్మదిగా, బీపీ చూసుకుంటూ వేస్తాం. ముందు మీ గుండె డాక్టరుతో మాట్లాడతాం. మత్తు లేకుండా పీకితే ఆ నొప్పికి మీ ఒంట్లోనే ఇంతకు మించిన మందు పుడుతుంది, అది ఇంకా ప్రమాదం. మీరు ముందే చెప్పుంటే ఇదే పని వేరేగా చేసేదాన్ని. నేనూ మీ మాట మీద ఉండిపోకుండా ముందే బీపీ చూడాల్సింది." తర్వాత మామూలుగా అడిగింది. "సరే, మాత్రలు వేసుకుంటున్నారు కదా? రక్తం పలచబరిచేవి?"

మేస్త్రి నేల చూశాడు.

"మానేశా."

"ఎప్పటినుంచి?"

"వారం."

"ఎవరు మానమన్నారు?"

"ఎవరూ అనలేదు. మాత్రలు వేసుకోవట్లేదని మీతో చెప్పాలి కదా. అబద్ధం చెప్పడం నాకు రాదు. అందుకని..."

డాక్టరమ్మ పక్కనున్న స్టూలు మీద కూలబడింది. దడ అన్నప్పుడు రాని భయం ఇప్పుడు ఆవిడ మొహంలో కనిపించింది. మేస్త్రి దాన్ని చూశాడు.

"బాబూ, స్టెంట్ వేసి ఇంకా ఏడాది కాలేదు. అక్కడ రక్తం గడ్డకట్టకుండా కాపలా కాసేవి ఆ మాత్రలే. మీ పన్ను పీకితే రక్తం ఆగకపోతే నేను అదిమి పట్టుకుంటాను, కుట్టేస్తాను. లోపల స్టెంట్ దగ్గర గడ్డకడితే నేను ఏం పెట్టి ఆపను? మీరు ఈ సూదిని చూసి భయపడ్డారు. ప్రాణం మీదికి తెచ్చేది సూది కాదండీ, వారం నుంచి మీరు వేసుకోని ఆ మాత్రలు."

లిఫ్టు తలుపు పూర్తిగా మూసుకోకపోతే లిఫ్టు కదలదు. కదలకూడదు. కానీ కొందరు పనిదొంగలు రిపేరు చెయ్యడానికి బద్ధకించి, తలుపు తాళం దగ్గర చిన్న వైరు ముక్క అతికిస్తారు. తలుపు బార్లా తెరిచున్నా, మూసే ఉందని లిఫ్టు నమ్మేస్తుంది. తెరిచిన తలుపుతో మనుషుల్ని మోసుకొని పోతుంది. అలా చేసిన మెకానిక్కును మేస్త్రి ఒకసారి సామాన్లతో సహా పనిలోంచి గెంటేశాడు. ఇప్పుడు మెడకు గుడ్డతో కూర్చొని, తాను వారం నుంచి చేసింది అదే పనని ఆయనకు తెలిసొచ్చింది. వైరు ముక్క పెట్టింది లిఫ్టులో కాదు, తన ఒంట్లో. ఆ లిఫ్టులో ఉన్నదీ తానే.

డాక్టరమ్మ అక్కడే నిలబడి గుండె ఆసుపత్రికి ఫోన్ చేసింది. ఆ కుర్ర డాక్టరే దొరికాడు. విషయమంతా విన్నాడు. తర్వాత ఏ మాత్ర ఎంత వెయ్యాలో చెప్పి, పన్ను ముట్టుకోవద్దని, వెంటనే తీసుకొచ్చేయమని అన్నాడు.

"మాత్రలు దగ్గరున్నాయా?" అని అడిగింది డాక్టరమ్మ.

ఉన్నాయి. ఎక్కడికెళ్ళినా ఉంటాయి. బయట, భార్య సంచిలో.

తలుపు తెరుచుకుంది. ఆవిడ లోపలికొచ్చి, భర్త చేతికి ఉన్న పట్టీని చూసి, మొహం చూసి, ఇంకేం అడక్కుండా సంచిలో చెయ్యి పెట్టింది. డాక్టరమ్మ చెప్పబోతూంటే మేస్త్రి ఆపాడు. ఇది తానే చెప్పాలి. వంకర మూతితో, మొదటి నుంచీ చెప్పాడు. చెవులు ఎర్రబడలేదు, పాలిపోయాయి.

"మరి రాత్రుళ్ళు నేను చేతిలో పోసినవి?"

"పూలకుండీలో."

"అందుకా అది వాడిపోతోంది! నీళ్ళు చాలట్లేదేమోనని రోజూ రెండు పూటలా పోస్తున్నా." ఆ మాట అంటూండగానే అండీ గిండీ అన్నీ ఎగిరిపోయాయి. "అబద్ధం చెప్పేస్తే పోయేది కదయ్యా! లోకమంతా చెప్పట్లేదా? వేసుకోవట్లేదని ఆవిడకో అబద్ధం చెప్పి, ఇంటికొచ్చి మాత్ర మింగితే ఏమయ్యేది? పెద్ద సత్యవంతుడివి! నీ నిజాయితీకి నన్ను..."

నర్సమ్మ మొహం పక్కకు తిప్పుకుంది. మేస్త్రి చెయ్యి చాపాడు, భార్య పట్టుకోలేదు. డాక్టరమ్మ చెప్పినన్ని మాత్రలు లెక్కపెట్టి తీసి, ఆయన నాలుక మీద పెట్టి, కప్పుతో నీళ్ళు పట్టింది. మొద్దుబారిన పెదవి మీంచి సగం నీళ్ళు గుడ్డ మీద కారాయి. మాత్ర నోట్లో ఉందో, లోపలికి పోయిందో ఆయనకే తెలియలేదు.

"నోరు తెరు" అంది ఆవిడ.

తెరిచాడు. డాక్టరమ్మ దీపాన్ని ఆవిడ స్వయంగా కిందికి లాగి, నాలుక కింద, రెండు బుగ్గల్లో, వేలు పెట్టి మరీ వెతికింది. ఏమీ లేదని తేలాక చెంగుతో ఆయన మూతి తుడిచింది. తడి పోయాక కూడా తుడుస్తూనే ఉంది. ఇన్నాళ్ళూ ఆ చెయ్యి జైలరుదనుకున్నాడు. అది తనకంటే ఎక్కువ భయపడుతున్న మనిషి చెయ్యని అప్పుడు తెలిసింది, తెలిసి సిగ్గుతో చచ్చిపోయాడు.

ఆసుపత్రిలో గుండె పరీక్ష బాగానే వచ్చింది. అదృష్టం అన్నారు. తిట్లు మాత్రం పెద్ద డాక్టరు సెలవు నుంచి వచ్చాక కూడా ఇంకోసారి పడ్డాయి. పెద్ద డాక్టరూ డాక్టరమ్మా ఫోన్లో మాట్లాడుకొని, మాత్రలు ఒక్కపూట కూడా ఆపకుండానే పన్ను తీయొచ్చని తేల్చారు. అప్పటిదాకా పన్ను తన పని తాను చేసుకుపోయింది, మేస్త్రి నోరెత్తలేదు.

అనుకున్న రోజు ఉదయమే వెళ్ళారు. ఈసారి భార్య బయట బల్ల మీద కూర్చోలేదు, కుర్చీ పక్కనే స్టూలేసుకుంది. బీపీ పట్టీ ముందే కట్టారు. డాక్టరమ్మ గ్లోవ్సు తొడుక్కుంటూ, అన్నీ తెలిసి కూడా మొదటి నుంచీ అడిగింది.

"గుండె జబ్బు ఉందా అండీ?"

భార్య నోరు తెరవబోయింది. అంతకుముందే ఆయన చెప్పేశాడు.

"ఉందండి."

బాగుచేశారు కదా అని కలపలేదు. లిఫ్టును బాగుచేసినా నెలనెలా చూసుకోవాలి. చూసుకోకపోతే ఏమవుతుందో ఆయనకు కొత్తగా చెప్పక్కర్లేదు.

"మాత్రలు?"

"రాత్రి కూడా వేసుకున్నా. కావాలంటే ఆవిడ్ని అడగండి, టార్చిలైటు వేసి చూసింది."

డాక్టరమ్మ నవ్వు ఆపుకుంది. సిరంజిలో మందు పోయినసారి కంటే తక్కువుంది. "నెమ్మదిగా ఇస్తాను. ఎప్పుడు కావాలన్నా చెయ్యెత్తండి, ఆపేస్తా. ఇంకేమైనా చెప్పాలా?"

దీపం కళ్ళలోకి కొడుతోంది. కాళ్ళు మళ్ళీ ఎత్తులో, తల పల్లంలో. కుర్చీకి బెల్లు ఈసారీ లేదు. మేస్త్రి కాసేపు ఆలోచించి, భార్య వైపు చూడకుండా అన్నాడు.

"భయంగా ఉందండి."

"అది కూడా చెప్పాల్సిందే" అంది డాక్టరమ్మ. సూది పక్కన పెట్టి, బీపీ పట్టీ మరోసారి సర్దింది. "తొందరేం లేదు. తగ్గాకే మొదలెడదాం."

భార్య స్టూలు దగ్గరికి జరుపుకొని, ఆయన చెయ్యి తీసుకుంది. పెళ్ళయినప్పటి నుంచి ఆ మాట ఆయన నోట వినడం ఆవిడకు ఇదే మొదలు.